పదకొండు పాటల్లో వినిపించిన ఒకే పాట: ఒక డెత్ మెటల్ ఆల్బం గురించి

మొదటి రికార్డులో ఒక వైపు పూర్తయ్యాక లేచి, దాన్ని తిరగవేసి, సూదిని అంచు మీద దించి వచ్చి కూర్చున్నాను. అర నిమిషం గడిచేసరికి విన్న వైపునే పొరపాటున మళ్ళీ పెట్టానేమో అనిపించింది. లేచి వెళ్ళి, తిరుగుతున్న రికార్డును ఆపి, మధ్యలో అంటించిన లేబుల్ చదివాను. పొరపాటేమీ జరగలేదు. అది నేను అంతవరకు వినని వైపే, అందులో మొదలైనది నేను అంతవరకు వినని నాలుగో పాటే. గర్జించే గొంతు, బరువైన గిటార్లు, హోరెత్తే డ్రమ్స్ కలిసిన డెత్ మెటల్ సంగీతాన్ని ఇరవై ఏళ్ళకు పైగా వింటున్నాను గాని, ఒక ఆల్బంలో ఏ పాట నడుస్తోందో తెలుసుకోవడానికి లేబుల్ చూడవలసి రావడం ఇదే మొదటిసారి.

ఇది యూరప్‌కు చెందిన నలుగురు సభ్యుల బృందం చేసిన మూడో ఆల్బం. బృందం పేరు ఇక్కడ రాయడం లేదు. రికార్డులు అమ్ముకొని వచ్చిన డబ్బుతోనే తరువాతి రికార్డింగు చేసుకునే చిన్న బృందం అది. వారి అమ్మకాలకు నష్టం కలిగించడం నా ఉద్దేశం కాదు. పైగా వారి మొదటి రెండు ఆల్బములను ఈ నగరంలో కనీసం పదిమందిని ఇంటికి పిలిచి వినిపించినవాణ్ణి నేనే. హైదరాబాద్‌లో ఇలాంటి రికార్డులు దుకాణాల్లో దొరకవు కాబట్టి నేరుగా బృందానికే డబ్బు పంపి తెప్పించుకున్నాను. రెండు రికార్డుల మీద వచ్చిన ఈ మూడో ఆల్బం ధర, రవాణా, కస్టమ్స్ సుంకం అన్నీ కలిపి ఐదు వేల రెండు వందల రూపాయలయ్యాయి. కూకట్‌పల్లిలోని మా ఇంటికి చేరడానికి ఐదు వారాలు పట్టింది. అట్ట మీది బొమ్మ చేతితో గీసినది, చాలా బాగుంది. రికార్డులు వంపు లేకుండా, గీతలు లేకుండా శుభ్రంగా వచ్చాయి. వస్తువుగా చూస్తే ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

వారి రెండో ఆల్బంలో ఏడు నిమిషాల పాట ఒకటి ఉండేది. మొదటి రెండు నిమిషాలు ఊపిరి సలపనివ్వని వేగంతో సాగి, హఠాత్తుగా డ్రమ్స్ ఆగిపోయి, ఒక్క గిటారు మాత్రమే మిగిలి, ఆ గిటారు వాయించే నాలుగు స్వరాల చుట్టూ మిగిలిన వాద్యాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరుతూ, చివరికి పాట మొదలైన వేగానికే వేరే దారిలో చేరుకునేది. అటువంటి పాటను కట్టగలిగినవారు మూడేళ్ళు తీసుకొని కొత్త ఆల్బం చేశారంటే ఏం ఆశిస్తామో నేనూ అదే ఆశించాను.

కొత్త ఆల్బంలో పదకొండు పాటలు, మొత్తం యాభై ఒక్క నిమిషాలు. మొదటిది గంటల చప్పుడు, వాన శబ్దం కలిపిన చిన్న ప్రవేశిక. రెండో పాట నిజంగా బాగుంది. దాని మొదటి రిఫ్, అంటే పాటకు వెన్నెముకలా పదేపదే వచ్చే గిటారు స్వరాల వరుస, పదును గలది, గుర్తుండిపోయేది. చిక్కు మూడో పాట నుంచి మొదలవుతుంది. అదే వేగం, అదే శ్రుతి, అదే తీగ మీద ఒకే స్వరాన్ని వేగంగా పదేపదే మీటే అదే రకపు ట్రెమొలో వాయింపు. రిఫ్ ఎనిమిది సార్లు వస్తుంది, గొంతు ప్రవేశిస్తుంది, రెండు చరణాలవుతాయి, రెండో నిమిషం దగ్గరలో వేగం సగానికి పడిపోయి బరువైన భాగం ఒకటి వస్తుంది, ఇరవై క్షణాల గిటారు సోలో తరువాత మొదటి రిఫ్ తిరిగి వచ్చి పాట ముగుస్తుంది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు, తొమ్మిది, పది, పదకొండు పాటలు ఇదే మూసలో పోసినవి. చేతి గడియారం పెట్టుకొని విన్నాను. బరువైన భాగం వచ్చే చోటు పాటకూ పాటకూ పది పదిహేను క్షణాలకు మించి మారలేదు. మన పెద్దలు ‘పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ’ అన్న మాట వినేవాడి అలసట గురించి చెప్పినదని నాకు ఈ ఆల్బం వింటున్నప్పుడే అర్థమైంది.

అయితే పునరావృతిని నేను దోషంగా చూడటం లేదు, ఈ విషయంలో అపార్థానికి తావివ్వకూడదు. బోనాల రోజుల్లో లాల్‌దర్వాజ దగ్గరో, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గరో డప్పు కొట్టేవారి పక్కన అరగంట నిలబడినవారెవరికైనా ఒకే దరువు ఎంతసేపు మనిషిని నిలబెట్టగలదో తెలుసు. ఆ అరగంటలో దరువు పేరు మారదు. కాని కుడిచేతి సిర్ర దెబ్బ బరువు మారుతూ ఉంటుంది, ఎడమచేతి సన్నపుల్ల మధ్యలో ఒక దెబ్బను ఎగరగొట్టి మరొక దెబ్బను ఇరికిస్తుంది, ఎదుట ఆడుతున్న పోతరాజు అడుగును బట్టి వేగం అర వీసం పెరుగుతుంది, చర్మం వదులైతే మంట దగ్గర కాచుకొని వచ్చి మళ్ళీ అందుకున్నప్పుడు అదే దరువు కొత్త గొంతుతో పలుకుతుంది. త్యాగరాజ కృతిలో పల్లవి పంక్తిని సంగతి మీద సంగతి వేసి పాడేటప్పుడూ అంతే: మాటలు అవే, తాళం అదే, కాని ప్రతి సంగతీ ముందు సంగతి చూపించని మూలను ఒకదాన్ని చూపిస్తుంది. తిరిగి రావడానికి ఒక కారణం ఉంటుంది. ఈ ఆల్బంలో రిఫ్ ఎనిమిది సార్లు వస్తే ఎనిమిదోసారి మొదటిసారికి అచ్చు నకలుగా ఉంటుంది, ఆ రిఫ్‌లో ఇంకేముందో వెతికిన జాడ కనిపించదు.

డెత్ మెటల్ చరిత్రలోనే పునరావృతిని కళగా సాధించినవారున్నారు. ఇంగ్లండ్‌లోని కొవెంట్రీకి చెందిన బోల్ట్ త్రోవర్ బృందం దాదాపు తమ ప్రస్థానమంతా ఒకే మార్గంలో నడిచింది. మధ్యస్థ వేగం, యుద్ధం గురించిన పాటలు, ట్యాంకు కదిలినట్టుండే రిఫ్‌లు. వాళ్ళ ఏ ఆల్బం తీసుకున్నా వాళ్ళదని మొదటి పది క్షణాల్లో తెలిసిపోతుంది. అయినా వాళ్ళ పాటలు ఒకదానితో ఒకటి కలిసిపోవు, ఎందుకంటే రిఫ్ ఎన్నిసార్లు రావాలో, రెండు కాళ్ళతో వాయించే డబుల్ బేస్ డ్రమ్స్ ఎక్కడ దాని కింద చేరాలో, రెండో గిటారు ఎప్పుడు పైస్థాయిలో రాగం అందుకోవాలో వారు ఒక్కొక్క పాటకు విడిగా నిర్ణయించుకున్నారు. 2005లో ‘దోజ్ వన్స్ లాయల్’ విడుదల చేశాక, తరువాతి ఆల్బం కోసం కట్టుకున్న పాటలు దానికి సరితూగడం లేదని వాటిని పక్కన పెట్టేశారు. డ్రమ్మర్ మార్టిన్ కెర్న్స్ 2015లో మరణించారు, మరుసటి ఏడాది బృందం ముగిసింది, ఆ తరువాతి ఆల్బం రానే లేదు. ఒక అభిమానిగా అది నాకు ఇప్పటికీ లోటే. కాని తమ పాటలు తమకే పాతగా వినిపించినప్పుడు ఆగిపోగలగడంలో వినేవారి పట్ల ఎంత గౌరవం ఉందో ఈ మూడో ఆల్బం విన్నాక మరింత స్పష్టమైంది.

వేగాన్నే నమ్ముకున్నవారు కూడా ఇలా చేయలేదు. 1989లో వచ్చిన మోర్బిడ్ ఏంజెల్ తొలి ఆల్బం ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’లో పీట్ శాండోవాల్ డ్రమ్స్ అప్పటి లెక్కలో నమ్మశక్యం కాని వేగంతో సాగుతాయి, అయినా ఆ వేగం మీద ట్రే అజాగ్‌థోత్ గిటారు నిలకడగా ఒకచోట కూర్చోదు, మలుపు మలుపుకీ దిక్కు మారుస్తుంది. స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో రికార్డు చేసి ఎన్‌టూమ్డ్ బృందం 1990లో విడుదల చేసిన ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ ఆల్బం మొదటి పాటలో రంపపు కోతలాంటి గిటారు ధ్వని సగం పాట వరకు పరుగెత్తించి, ఆ తరువాత వేగమంతా వదిలేసి నెమ్మదైన ఒక రాగంలోకి దిగిపోతుంది. ఆ దిగే చోటు తెలిసి కూడా విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 1991 నాటి డెత్ బృందపు ‘హ్యూమన్’ మొత్తం సుమారు ముప్పై నాలుగు నిమిషాలే. చెప్పవలసింది అయిపోగానే బృంద నాయకుడు చక్ షుల్డినర్ ఆపేశాడు. ఈ కొత్త ఆల్బంలోనైతే ముప్పై నిమిషాలకు సరిపడే సరుకు కూడా లేదు. దాన్ని యాభై ఒక్క నిమిషాలకు సాగదీసి, రెండు రికార్డుల మీద పరచి, ఆ రెండో రికార్డు ధరను కూడా కొనేవాడి మీద వేశారు.

వాయించేవారి చేతిలో లోపముందా అంటే లేదనే చెబుతాను. లోపంలో కొంత భాగం పాటలు కట్టడంలో ఉంటే, మిగిలింది స్టూడియోలో జరిగింది. ఈ సంగతి నాకు తట్టినది మా చిన్న స్నేహబృందంలో డ్రమ్స్ వాయించే ఒక కుర్రవాడి వల్ల. ఒక ఆదివారం ఇంటికి వచ్చి మూడు పాటలు కళ్ళు మూసుకొని విని, “అన్నా, స్నేర్ దెబ్బ ఒక్కటే కొట్టిండు, మిగిలినయన్నీ అతికించిండ్రు” అన్నాడు. స్నేర్ అంటే డ్రమ్స్‌లో కర్రలతో కొట్టే, పదునుగా పలికే డ్రమ్. నమ్మక మళ్ళీ పెట్టించుకొని విన్నాను. అతడు చెప్పింది నిజమే. డ్రమ్మర్ కొట్టిన ప్రతి దెబ్బనూ తీసేసి, ముందే రికార్డు చేసి పెట్టుకున్న ఒకే ఒక్క దెబ్బ శబ్దాన్ని ఆ చోట పెట్టడం ఈ సంగీతంలో ఇప్పుడు సర్వసాధారణమైన పద్ధతి. దాని వెనుక అవసరమూ ఉంది: నిమిషానికి రెండు వందల ఇరవై, రెండు వందల నలభై బీట్ల వేగంతో బ్లాస్ట్ బీట్ అనే ఎడతెగని దరువు సాగేటప్పుడు మనిషి చేతి దెబ్బలు పలుచబడతాయి, గట్టిగా మోగే గిటార్ల మధ్య మునిగిపోతాయి. కాని మనిషి ఒకే దెబ్బను రెండుసార్లు ఒకేలా కొట్టలేడు, వినేవాడి చెవి ఆ తేడాల మీదే ఆనుకొని ఉంటుంది. ఆ తేడాలన్నీ చెరిపేసి, ఆ పైన ప్రతి దెబ్బనూ కంప్యూటర్‌లో తాళాన్ని సమంగా విభజించిన గడుల్లోకి సరిగ్గా జరిపితే, డ్రమ్మర్ మూడేళ్ళు చేసిన సాధన అంతా కుట్టుమిషను చప్పుడుగా మిగులుతుంది. అతడు వేదిక మీద వాయించిన వీడియోలు చూశాను కాబట్టి ఈ మాట బాధతోనే రాస్తున్నాను. ఆ వీడియోల్లో అతడి ఎడమచేయి అలసిపోతూ, కోలుకుంటూ, కొన్నిచోట్ల తాళం కన్నా వెంట్రుకవాసి ముందుకు దూసుకుపోతూ ఎంతో సజీవంగా ఉంటుంది.

మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు మొత్తం శబ్దస్థాయిని సరిచేసే చివరి పని, దీనికి తోడైంది. అన్ని వాద్యాలనూ అన్ని వేళలా గరిష్ఠ స్థాయిలో నిలిపి ఉంచారు కాబట్టి బరువైన భాగం వచ్చినప్పుడు పెరగడానికి చోటు లేదు, సోలో వచ్చినప్పుడు వెనక్కి తగ్గే వాద్యం లేదు. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ విడుదలైనప్పుడు ఈ అతిశబ్దం గురించి అభిమానులే పెద్దఎత్తున అభ్యంతరం చెప్పారు. ఇన్నేళ్ళ తరువాత, పైగా శబ్దంలోని ఎగుడుదిగుళ్ళను వినడానికే కొనుక్కునే ఎల్పీ రికార్డు మీద అదే పని చేయడం నాకు అర్థం కాలేదు. బేస్ గిటారు ఉందని అట్ట మీద ఉన్న పేరును బట్టి తెలియడమే తప్ప వినపడదు. కానిబాల్ కార్ప్స్ బృందం పాటల్లో అలెక్స్ వెబ్‌స్టర్ బేస్ ఎంత స్పష్టంగా, ఎంత స్వతంత్రంగా పలుకుతుందో తెలిసినవారికి, నలుగురిలో ఒకరిని ఇలా పూర్తిగా పూడ్చేయడం ఎంత నష్టమో వేరే చెప్పనవసరం లేదు.

గొంతు గురించి ఎక్కువ రాయను. లోతైన గర్జన, శక్తి ఉంది, ఊపిరి పట్టు ఉంది. అయితే ఆల్బం పొడవునా ఒకే స్థాయి, ఒకే రకపు విరుపు. ఫ్లోరిడాకు చెందిన ఒబిట్యుయరీ బృందం తొలి రోజుల్లో దాని గాయకుడు జాన్ టార్డీ చాలాచోట్ల మాటలే లేకుండా గొంతును వాద్యంలా వాడుకున్నాడు, అర్థం లేని ఆ అరుపుల్లోనే బాధ, కోపం, విసుగు విడివిడిగా వినిపించాయి. ఇక్కడ సాహిత్యం అచ్చువేసి ఇచ్చారు, ప్రతి పాటలోనూ నాలుగేసి పాదాల చరణాలు, ప్రతి పాదం చివర ఒకే ఊపులో ముగింపు.

ఇంట్లో రెండుసార్లు విన్నాక, దోషం నా వినికిడిలోనే ఉందేమోనన్న అనుమానంతో ఆల్బంను ఫోనులోకి ఎక్కించుకొని ఒక సెలవు రోజు మియాపూర్‌లో మెట్రో ఎక్కాను. ఎల్.బి.నగర్ వరకు ఇరవై ఏడు స్టేషన్లు, దాదాపు ఇరవై తొమ్మిది కిలోమీటర్లు. ఆల్బం నిడివికి ఆ ప్రయాణం ఇంచుమించు సరిపోతుంది. పాట మారినప్పుడల్లా, ఫోను చూడకుండా, అది ఎన్నోదో చెప్పుకోవాలని నియమం పెట్టుకున్నాను. ఎర్రగడ్డ దాటేసరికి లెక్క తప్పాను. అమీర్‌పేటలో జనం దిగి, ఎక్కి, తలుపులు మూసుకున్నంతసేపూ ఒకే పాట నడుస్తోందనుకున్నాను, నిజానికి ఆ లోపల ఒక పాట ముగిసి మరొకటి మొదలైంది. ఖైరతాబాద్ వద్ద ఆపేద్దామా అనిపించింది. కొన్న డబ్బు గురించి కాదు గాని, వారి రెండో ఆల్బం నాకు ఇచ్చిన రోజుల మీది కృతజ్ఞతతో ఆపలేదు.

ఆపకపోవడం మంచిదైంది. మూసీ దాటుతుండగా ఎనిమిదో పాట మొదలైంది. ఇంట్లో విన్నప్పుడు అప్పటికే చెవులు అలసిపోయి ఉండటం వల్ల దీన్ని సరిగా పట్టించుకోలేదు. ఆరు నిమిషాల నెమ్మదైన పాట ఇది. ఆల్బం మొత్తంలో డ్రమ్మర్ చేతికి చోటు దొరికింది ఇక్కడే. సింబల్ మోగి ఆరిపోయేదాకా ఆగుతాడు, తరువాతి దెబ్బను కావాలనే ఆలస్యం చేస్తాడు. రిఫ్ ఒక్కటే, మూడే స్వరాలు. కాని అది మొదటిసారి రెండు గిటార్లతో, తరువాత ఒక గిటారుతో, ఆ తరువాత పైస్థాయిలో సన్నగా వచ్చి, ప్రతి రాకలోనూ ఒక్కో స్వరం మీద ఎక్కువసేపు నిలుస్తుంది. చివరి నిమిషంలో గిటార్లు రెండూ ఆగిపోయి, అంతసేపూ కనబడని బేస్ ఒక్కటే ఆ మూడు స్వరాలనూ వాయిస్తుంది. తీగ మీద వేలు జరిగిన గరగర కూడా వినిపిస్తుంది. ఇదే నలుగురు, ఇదే స్టూడియో, ఇవే వాద్యాలు. పునరావృతిని ఎలా పలికించాలో వీరికి తెలుసునని ఈ పాట రుజువు చేస్తోంది కాబట్టే మిగిలిన ఎనిమిది పాటల మీద నా నిరాశ మరింత పెరిగింది. తెలియనివారైతే తెలియదని వదిలేసేవాణ్ణి.

కొనదలచినవారికి నేను చెప్పగలిగింది ఇది: రెండు రికార్డుల ప్రతికి ఐదు వేలు పెట్టకండి. బృందం పాటలను విడివిడిగా కూడా అమ్ముతోంది. రెండో పాట, ఎనిమిదో పాట కొనుక్కోండి, వాటికి పెట్టిన డబ్బు వృథా కాదు. వారిని ఇంతవరకు విననివారు రెండో ఆల్బంతో మొదలుపెట్టడం మంచిది. డెత్ మెటల్‌కే కొత్తవారైతే పైన చెప్పిన 1989, 1990, 1991 నాటి మూడు ఆల్బములలో ఏదైనా ముందు వినండి. మన నగరం నుంచే ఎదిగిన గాడ్‌లెస్ బృందం 2021లో విడుదల చేసిన ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ కూడా వినండి, వేగం తగ్గించకుండానే పాటకూ పాటకూ ముఖం మార్చడం అందులో కనిపిస్తుంది.

ఎనిమిదో పాట ఎవరు కట్టారో తెలుసుకోవాలని ఇంటికి వచ్చి అట్ట లోపలి పుస్తకం తిరగేశాను. సంగీతం మొత్తం బృందం పేరు మీదే ఉంది. వారికి ఒక ఉత్తరం రాశాను. స్నేర్ గురించి, నిడివి గురించి, పూడిపోయిన బేస్ గురించి పైన రాసినదంతా అందులో రాసి, ఆ పాట ఎవరిదో చెప్పమని అడిగాను, తరువాతి ఆల్బంలో డ్రమ్మర్ కొట్టిన దెబ్బలను కొట్టినట్టే ఉంచమని కోరాను. వేదిక మీద విన్న ఆ ఎడమచేతిని రికార్డు మీద వినడానికి ఐదు వేలు కాదు, ఇంకా ఎక్కువైనా ఇస్తానని కూడా రాశాను.